నిచ్చెన రీలు

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పాత సినిమాలు దాచే ఆఫీసంతా కునికిపాట్లు పడే వేళ. కింది గదిలో టీచరమ్మ మాత్రం మేనమామతో గొడవ పెట్టుకుంది. అక్కడికి వచ్చే బడిపిల్లలకి తొలినాటి మూకీ హాస్యచిత్రాల గురించి పాఠం చెప్పడం ఆవిడ ఉద్యోగం. అవంటే ఆవిడకి ప్రాణం.

"ప్రొజెక్టరు మోటారుకి పెడితే తెరమీద మనుషులు కోతుల్లా గెంతుతారు మామయ్యా. అది చూసి పిల్లలు వెనకటివాళ్ళు పిచ్చివాళ్ళనుకుంటారు. అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవారు. మనమూ చేత్తో తిప్పి చూపిస్తే వాళ్ళూ మనలాంటి మనుషులేనని తెలుస్తుంది."

"ఏదైనా తిప్పుకో. ఆ నిచ్చెన రీలు మాత్రం చేత్తో తిప్పకు."

ముప్పై ఏళ్ళుగా అక్కడ ప్రొజెక్టరు నడిపేది ఆయనే, అదీ ఎడమచేత్తో. కుడిచెయ్యి ఎప్పుడూ ప్యాంటు జేబులోనే కదులుతూ ఉండేది. వణుకుడు రోగమని ఇంట్లో అందరూ అనుకునేవారు. అడిగితే కసురుకునేవాడు.

"నేనంటే నీకు ఒళ్ళుమంట. అందుకే అన్నిటికీ అడ్డం పడతావు," అంటూ ఆవిడ ఆ రీలే ఎక్కించింది. పెద్దాయన మాట వింటే ఆవిడ సొమ్మేం పోయేది? ఆయనైనా నోరు విప్పి ఎందుకో చెప్పాడా, అదీ లేదు.

"నన్ను తిప్పనీ అమ్మా," అంది బడి సెలవని వెంట వచ్చిన ఎనిమిదేళ్ళ కూతురు, ప్రొజెక్టరు పిడి పట్టుకుని. మామయ్య మీద కోపంతోనే ఆవిడ సరేనంది.

లైటు ఆర్పారు. వేడెక్కిన నూనె వాసన, పిడి టకటకలు. తెర మీద సున్నం వేసేవాడు బకెట్టు పట్టుకుని నిచ్చెనెక్కాడు. నిచ్చెన ఊగింది. పాప కిలకిలా నవ్వింది. ఆవిడా నవ్వింది.

"బొమ్మ కుదుపులు చూశావా," మేనమామ గుసగుసలాడాడు. "ఆవేళ కెమెరా తిప్పినవాడు నవ్వుతున్నాడు. నవ్వినప్పుడల్లా చెయ్యి ఊగింది."

పాప చెయ్యీ అలాగే ఊగుతోంది.

నిచ్చెన జారింది. ఆ రోజుల్లో డూపులు లేరు, కింద పరుపూ లేదు. పడితే పడ్డట్టే. మోటారు వేగంలో ఆవిడ వందసార్లు చూసి నవ్విందే అది. ఇప్పుడు నెమ్మదిగా తిరిగేసరికి వాడి మెడ ఎటు తిరిగిందో కనిపించింది. చచ్చిపోయాడు.

సినిమా అక్కడితో అయిపోవాలి. అవలేదు.

వాడు లేచాడు... మెడ వాలిపోయే ఉంది. తిన్నగా, పిడి తిప్పే మనిషి వైపు నడిచి వస్తున్నాడు. గదిలో తడిసున్నం వాసన.

"ఆపవే..."

"ఆగట్లేదమ్మా." పాప ఏడుస్తోంది. చెయ్యి మాత్రం నవ్వే కుదుపుతోనే తిరుగుతోంది.

ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని లాగింది. రాలేదు. తెర నిండా తెల్లటి అరచెయ్యి... మేనమామ కత్తెరతో రీలు కత్తిరించేశాడు.

లైటు వేశారు. ఆవిడ పాపని గుండెకి హత్తుకుంది. "తప్పైపోయింది మామయ్యా. ఇంక దాని జోలికి పోను."

ఆయన కత్తెర కింద పెట్టాడు. మెల్లగా కుడిచెయ్యి జేబులోంచి తీశాడు. వణుకు లేదు, ఏమీ లేదు. వేళ్ళు చాచి చూసుకున్నాడు.

"ఆగింది," అన్నాడు. "ఆ రీలు చేత్తో తిప్పిన రోజు పట్టుకుంది, ఇన్నాళ్ళకి ఆగింది." పాప వైపు చూడకుండా గోడకి జరిగి నిలబడ్డాడు.

ఆవిడ తల తిప్పి కూతుర్ని చూసింది. పాప కుడిచెయ్యి గౌను జేబులో ఉంది. జేబు గుండ్రంగా కదులుతోంది.

"అమ్మా," పాప గొణిగింది, "నేను తిప్పుతున్నంతసేపూ అతను నడుస్తూనే ఉంటాడా?"

జేబు అంచున సున్నం తడితడిగా అంటుకుని ఉంది...