మచ్చ పడని దెబ్బ

దొరికాడు!

గోడ ఎక్కబోతున్నవాడి కాలర్ ఎస్సై చేతికి చిక్కుతుంది. ఇద్దరూ దబ్బున కిందపడతారు. వాడి తల రాయికి తగిలి చిట్లుతుంది. వాడి మోకాలు ఎస్సై ఎడమ డొక్కలో దిగుతుంది.

ఊపిరాడదు... అయినా పట్టు వదలడు. బేడీలు వేసేస్తాడు.

"డిస్కు ఏదిరా?"

వాణ్ణి తడిమి చూస్తాడు. జేబులు ఖాళీ.

వాడి తమ్ముడు పోయిన నెల లాకప్‌లో చచ్చిపోయాడు. ఆనాటి కెమెరా డిస్కును వాడు స్టేషన్‌లోంచే కొట్టేశాడు. అది బయటపడితే ఎస్సై కొంప కొల్లేరే.

కానిస్టేబుల్ రొప్పుతూ వస్తాడు. "దెబ్బేమైనా తగిలిందా సార్?"

"నాకా? వీడి చేతిలోనా?"

ముద్దాయి చేతిలో తన్నులు తిన్నానని ఏ పోలీసు చెప్పుకుంటాడు? పరువు పోదూ!

ఆస్పత్రి. వాడి తలకి కుట్లు వేస్తున్న డాక్టరమ్మ ఎస్సై వైపు చూస్తుంది.

"ముఖం అలా పాలిపోయిందేంటి?"

"ఎడమ భుజం లాగేస్తోంది. మాత్రేదైనా ఇవ్వండి."

ఆమె చెయ్యి ఆగిపోతుంది. "పొట్టకేమైనా తగిలిందా?"

"లేదు."

ఆమె చొక్కా ఎత్తి చూస్తుంది. చిన్న గీత కూడా లేదు.

భుజం నొప్పి సార్... లాకప్‌లో వీడి తమ్ముడూ అదే అన్నాడు. భుజం మీద ఎవడు కొట్టాడ్రా, నాటకాలా అని తనే నవ్వాడు. మచ్చ పడకుండా పొట్టలోనే కుమ్మాడు మరి!

ఎస్సైకి అర్థమవుతుంది. చెప్పేయాలి. నోరు తెరుస్తాడు... మాట రాకముందే కుప్పకూలతాడు.

"బీపీ పడిపోతోంది! ఏమైంది ఈయనకి?"

"ఏం తగల్లేదన్నారు మేడమ్," కానిస్టేబుల్ నసుగుతాడు.

"నేనే పొడిచాను. మోకాలితో, ఎడమ డొక్కలో," అంటాడు బేడీలవాడు. "మా తమ్ముడప్పుడు ఎవరూ నోరు విప్పలేదు."

స్కానింగ్ తెర మీద నల్లటి చార.

"ప్లీహం చిట్లింది. లోపల రక్తం కారుతుంటే నొప్పి భుజంలో తెలుస్తుంది. థియేటర్‌కి పదండి!"

స్ట్రెచర్ కదులుతుంది.

"పోయేకాలం రా నీకు," కానిస్టేబుల్ వాడి మీద విరుచుకుపడతాడు. "నీ నోటితో నువ్వే కేసు పెట్టుకున్నావు."

"ఈయన బతకాలి. డిస్కు పొద్దున్నే జడ్జిగారికి చేరిపోయింది. బోనులో నిలబడ్డానికి మనిషి కావాలిగా."

ఎస్సైకి ప్రతి మాటా వినబడుతుంది.

మత్తు మాస్కు ముఖం మీదికి వస్తుంది.

"భయపడకండి, బతికేస్తారు," అంటుంది డాక్టరమ్మ.

మాస్కును తోసేద్దామనుకుంటాడు ఎస్సై.

చెయ్యి లేవదు.