అంటు గది

ఆ ఇంటికి వచ్చేవాళ్ళు గుమ్మంలో కాళ్ళు తుడుచుకుని, తల పైకెత్తి, "అబ్బో, ఎంత ఎత్తు కట్టించాడో" అనడం మామూలే. వందేళ్ళ కిందట బత్తాయి తోటలు వేసి బండ్లకొద్దీ పళ్ళు ఊళ్ళకి పంపిన పెద్దాయన కట్టించుకున్న ఇల్లది. ఆయన మంచం, కళ్ళజోడు, భార్య కుట్టుమిషను, పళ్ళ సైజు చూసే చిల్లుల చెక్కలు, అన్నీ ఎక్కడివక్కడే ఉంచి అడ్డంగా తాళ్ళు కట్టారు. తాళ్ళకి ఇవతల నిలబడి చూడాలి. ముట్టుకోకూడదు.

ఆ ఇంటి కథ చెప్పే ఆవిణ్ణి అందరూ గైడమ్మ అంటారు. నలభై దాటిన మనిషి. గొంతు గట్టిది, మాట చురుకు. బడి పిల్లలు గోల చేస్తే "మీరు చెప్తారా, నన్ను చెప్పనిస్తారా?" అని ఒక్క మాటతో కూర్చోబెట్టేస్తుంది. మూడేళ్ళ కిందట ఎనిమిదేళ్ళ కూతురు జ్వరంతో పోయింది. ఆ తర్వాత మూడు నెలలు మంచం దిగలేదు. దిగిన రోజు నుంచీ సొంతింట్లో కంటే ఈ ఇంట్లోనే ఎక్కువ ఉంటోంది. మొగుడు కూడా ఏమీ అనడు, పోనీలే అనుకుంటాడు.

ఇంటి వెనక మిగిలిన నాలుగు వరసల తోటని చూసుకునేది ఒక ముసలాయన. నిమ్మ మొక్క మొదట్లో చిన్న కోత పెట్టి, బత్తాయి కొమ్మ నుంచి తీసిన కన్ను అందులో దింపి, గుడ్డపీలికతో బిగించి అంట్లు కట్టడం ఆయన పని. అందుకని అంట్ల తాత అంటారు. కొత్తవాళ్ళు ఆ పేరు విని గిన్నెలు తోమేవాడు కాబోలనుకుంటారు. "తోమే అంట్లు కాదు బాబూ, కట్టే అంట్లు" అని జేబులోంచి చిన్న కత్తి తీసి చూపించి నవ్వుతాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి విసుగు లేదు.

వెనక వసారా చివర ఒక చిన్న గది ఉంది. ఏళ్ళ తరబడి విరిగిన కుర్చీలు కుక్కి, మూసి ఉంచేవాళ్ళు. కిందటి ఏడాది పెద్దాయన మునిమనవడు ఒక ట్రంకుపెట్టె తెచ్చి ఇచ్చాడు. అందులో పెద్దాయన డైరీ దొరికింది. గైడమ్మ వారం రోజులు భూతద్దం పెట్టుకుని కూర్చుని ఆ గొలుసుకట్టు రాతని విడదీసి చదివింది. ఒక పేజీ దగ్గర ఆవిడ ప్రాణం లేచొచ్చింది.

"చిన్నదాన్ని అంటు గదిలోకి మార్చాం. ఎవరూ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను." దాని కింద, "చిన్నది వాడిపోయింది. నీళ్ళు తీసుకోవడం లేదు." ఆ కింద, చెయ్యి వణికినట్టు వంకరగా, "పదో రోజు. దక్కలేదు. తోట చివర పాతాం."

అంటు గది. అంటే అంట్లు కట్టే గది. ఇంకేం కావాలి? కుర్చీలు బయటపడేయించి, ఆ గదిని తన చేత్తో సర్దింది. బల్ల వేసింది, కత్తులు పేర్చింది, గుడ్డపీలికలు చుట్టలు చుట్టి పెట్టింది. తాత చేత ఇరవై అంట్లు కట్టించి కుండీల్లో వరసగా ఉంచింది. తలుపుకి గడియ బయటివైపు ఎందుకుందో, తలుపు కింద కంచం పట్టేంత కంత ఎందుకుందో ఎవరైనా అడిగితే, "పిల్లలు లోపలికి పోకుండా గడియ, మొక్కలకి గాలి తగలాలని కంత" అని తడుముకోకుండా చెప్పేసేది. ఆ పేజీకి అద్దం కట్టించి గోడకి తగిలించింది.

రోజూ అక్కడికి రాగానే గొంతు సవరించుకుని చదివేది. "చూశారా, ఒక్క మొక్క పోతే ఎంత కుమిలిపోయాడో. చచ్చిన మొక్కని పారేయకుండా పాతిపెట్టాడట. ఇంట్లో పిల్లల్ని కూడా ఇంత ముద్దుగా చూసుకున్నాడో లేదో మరి." జనం నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేది.

నెల తిరక్కుండానే ఒక తంటా మొదలైంది. పొద్దున్నే తలుపు తీస్తే కుండీల్లో అంట్ల కట్లు విప్పి ఉండేవి. తెంపినట్టు కాదు, ఓపిగ్గా ముడి ఊడదీసి, పీలికని పక్కన మడత పెట్టినట్టు. రోజుకి ఒకటో రెండో. జబ్బు పడి మంచంలో ఉన్న పిల్ల ఏమీ తోచక దుప్పటి అంచు దారాలు లాక్కుంటుంది చూడండి, అలాంటి పని. గైడమ్మ తాత మీద విరుచుకుపడింది.

"వయసైపోయింది తాతా, నీ ముడి నిలవడం లేదు."

"ఉడతలేమోనమ్మా" అన్నాడు తాత, వేరేవైపు చూస్తూ.

"ఉడతలు మడతలు కూడా పెడతాయా?"

తాత మాట దాటేశాడు. మళ్ళీ కట్టిచ్చాడు. కానీ ఆయన ఏనాడూ ఆ గది గుమ్మం దాటలేదు. కుండీని చెయ్యి చాపి అందించేవాడు, అందుకునేవాడు, అంతే. మోకాళ్ళ నొప్పి అనేవాడు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఇల్లంతా ఖాళీగా ఉంది. మబ్బు పట్టి, వసారాలో మసక మసకగా ఉంది. గైడమ్మ కుండీలన్నీ వసారాలోకి చేర్చింది. ఇరవైకి ఇరవై కట్లూ విప్పే ఉన్నాయి. తాత కత్తి మూసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంక కట్టనమ్మా. నా వల్ల కాదు."

"ఏమైంది తాతా?"

"ఆ రోజుల్లో అంట్లు చెట్టు కిందే కట్టేవాళ్ళు. గదుల్లో ఎవరు కడతారు?"

"మరి ఆయనే రాశాడుగా, అంటు గది అని."

"మా అమ్మమ్మ ఈ ఇంట్లో పనిచేసేది. ఆ కంతలోంచి కంచం లోపలికి తోసేదట. అంటుజబ్బమ్మా. పెద్దాయన చిన్న కూతురు. ఏడేళ్ళ పిల్ల."

గైడమ్మ గోడ పట్టుకుంది. "ఏడాది నుంచి చూస్తున్నావు. ఒక్క మాట చెప్పకూడదా?" అంది.

"ఎలా చెప్పను తల్లీ... వేరే ఎవరికైనా చెప్పేవాణ్ణి. నీకెలా చెప్పను?"

నిజమే. ఆవిడకెలా చెప్తాడు? ఆవిడ కూతుర్ని కూడా అలాగే గదిలో పెట్టారు. ఆసుపత్రిలో గాజు తలుపు అవతల, తొమ్మిది రోజులు. లోపలికి వెళ్ళొద్దంది నర్సమ్మ. ఈవిడ సరేనంది. అదే ఆవిడ గుండెలో దిగబడిన ముల్లు. కొట్లాడలేదు, తలుపు తోసుకుని పోలేదు, బుద్ధిమంతురాలిలా సరేనని కుర్చీలో కూర్చుంది. పిల్ల లోపల్నుంచి రమ్మని చెయ్యి ఊపుతుంటే ఈవిడ తిరిగి చెయ్యి ఊపింది. పోయాక కూడా ముట్టుకోనివ్వలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి దాని ఒళ్ళు తడిమి ఉంటే ఇంత ఏడుపు ఉండేది కాదని మూడేళ్ళుగా ప్రతి రోజూ అనుకుంటోంది.

అలాంటి మనిషి, ఇంకో తల్లి కన్న పిల్ల చావుని ఏడాదిపాటు జనానికి చదివి వినిపించి నవ్వించింది. చచ్చిన మొక్కని ఎవరైనా పాతుతారా అన్న అనుమానం కూడా రాలేదు. సిగ్గుతో, దుఃఖంతో ఒళ్ళంతా కాలిపోయింది. లేచి, ఆ పేజీని గోడ మీంచి తీసెయ్యడానికి లోపలికి వెళ్ళింది. తాత వెనక నుంచి ఏదో అన్నాడు గానీ ఆవిడ వినిపించుకోలేదు.

లోపల చల్లగా ఉంది. తడి మట్టి వాసన. అద్దం పటం మీద చెయ్యి వేసేసరికి, ఆ మట్టి వాసన అడుగున ఇంకొకటి తగిలింది. పుల్లగా, వెచ్చగా... జ్వరంలో ఉన్న పిల్ల నడినెత్తి వాసన. అది ఏ తల్లికైనా తెలుస్తుంది. గైడమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

బల్ల కింద ఏదో కదిలింది.

ఉడతేమో... ఉడత కాదు. ఊపిరి. ఎవరో ముక్కు మూసుకుపోయి నోటితో తీస్తున్న ఊపిరి. ఆగి ఆగి వస్తోంది.

"ఎవరది?" అంది గైడమ్మ.

ఊపిరి ఆగింది. పారిపోవాలి. నాలుగడుగులు వేస్తే గుమ్మం.

"లోపలికి రాకూడదు" అంది బల్ల కింద నుంచి ఒక సన్నటి గుసగుస. "నన్ను ముట్టుకుంటే అంటుకుంటుంది. నాన్న చెప్పాడు."

గైడమ్మకి భయం వేసింది. చాలా భయం వేసింది. అయినా మోకాళ్ళ మీద కూలబడి, నేల మీదే చతికిలబడి, ఒడి పరిచింది.

"అంటుకోనీలే" అంది. "రా తల్లీ."

ఏమీ కనిపించలేదు. ముందు చీర కుచ్చిళ్ళు కాస్త నలిగాయి. తర్వాత బరువు వచ్చింది. నిమ్మళంగా, కొంచెం కొంచెంగా, నమ్మకం లేనట్టు. ఒళ్ళో పెట్టుకుంటే సెగ కొట్టేంత వేడి. గైడమ్మ చెయ్యి చాపింది. వేళ్ళకి చెమటకి తడిసిన జుట్టు తగిలింది. చిక్కులు పడి ఉంది. ఎన్నాళ్ళుగానో ఎవరూ దువ్వలేదు. ఆవిడ వేళ్ళతో చిక్కు తీయడం మొదలుపెట్టింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. తను చెయ్యాల్సి ఉండి చెయ్యలేకపోయిన పని ఇదే. కూతురికి చెయ్యలేదు. ఈ పిల్లకైనా చేస్తోంది.

ఎంతసేపైందో తెలీదు. ఒళ్ళో ఊపిరి నెమ్మదించింది. గుమ్మంలో వెలుగు తగ్గింది.

"అమ్మా." తాత గొంతు. గుమ్మానికి అవతలే నిలబడి ఉన్నాడు. "పొద్దుపోతోంది. లేచి రా తల్లీ."

"ష్... ఇప్పుడే నిద్రపోయింది తాతా."

తాత ఆవిడ ఒళ్ళోకి చూశాడు. ఆశ్చర్యపోలేదు. తర్వాత ఆయన చూపు నెమ్మదిగా పైకి లేచి, ఆవిడ భుజం దాటి, వెనక గోడ దగ్గర ఆగిపోయింది. తలుపు చెక్క పట్టుకున్నాడు.

"ఏ పాపమ్మా?" అన్నాడు గొంతు బాగా తగ్గించి. "ఒళ్ళో ఉన్న పాపా... వెనక నిలబడ్డ పాపా?"

గైడమ్మ తల తిప్పలేదు. తిప్పే ధైర్యం లేదు.

"ఎన్నేళ్ళుంటాయి తాతా?"

"ఎనిమిదుంటాయేమో. నిన్నే చూస్తోంది."

ఒళ్ళో పిల్ల కదిలింది. దాన్ని కుడిచేత్తో పొదివి పట్టుకుని, ఎడమ చెయ్యి వెనక్కి చాపింది గైడమ్మ, అందినంత దూరం, భుజం నొప్పి పుట్టేదాకా.

"నువ్వూ రామ్మా" అంది. "వచ్చెయ్. అమ్మ ఉందిగా."

వెనక, నేల మీద, ఒక చిన్న పాదం జరిగిన చప్పుడు.

దగ్గరికి కాదు. ఒక అడుగు వెనక్కి.

కాసేపాగి, ఇంకో అడుగు వెనక్కి.