వెనకాడినవాళ్లకే తగ్గింపు

2087 మార్చిలో డాక్టర్ తరళ కాకినాడలో రైలు దిగి పారిశ్రామికవాడ వైపు నడుస్తుంటే ఒక మేడకు తగిలించిన బోర్డు కనిపించింది. 'కంపెనీ యజమానులకు సందేహ శిక్షణ. ఆరు వారాల్లో నిజంగా వెనకాడటం నేర్పబడును. నటన కాదు.' కిటికీలోంచి చూస్తే పదిమంది పెద్దమనుషులు చాపల మీద కళ్లు మూసుకుని కూర్చున్నారు. "కొత్త ఫ్యాక్టరీ కట్టాలని మీకు లేదు," అని ఒక గొంతు మెల్లగా చెబుతోంది. "ఉందనుకుంటున్నారు, అంతే. ఊపిరి వదలండి."

తరళ కాసేపు అక్కడే నిలబడిపోయింది. ఆ బడి పుట్టడానికి కారణం తనే.

కంపెనీ ఏడాదంతా సంపాదించినదాంట్లో ఖర్చులు పోగా మిగిలిన లాభంలో నాలుగో వంతు ప్రభుత్వానికి కార్పొరేట్ టాక్స్‌గా కట్టాలి. కొత్త యంత్రాలు కొన్నా, కొత్త షెడ్డు వేసినా ఆ పన్నులో కొంత తగ్గిస్తారు. తగ్గిన మేరకు డబ్బు చేతిలో మిగులుతుంది, కంపెనీ పెట్టుబడి పెంచుతుంది, నలుగురికి పని దొరుకుతుంది. ఉద్దేశం మంచిదే. కానీ ఎలాగూ షెడ్డు కట్టబోయేవాడు కూడా ఆ తగ్గింపు పట్టుకుపోయేవాడు. వాడికిచ్చినదంతా ఖజానాకు దండగే.

ఆ దండగను ఆపాలని తరళ పదేళ్లు కష్టపడి సంకల్పమాపకం తయారుచేసింది. యజమాని దాని ముందు కూర్చుని మణికట్టుకు పట్టీ కట్టుకుంటాడు. అది ఒక ప్రశ్న అడిగి నాడిని, గొంతులోని వణుకును, కంటిపాప కదలికను చూస్తుంది. వాటికి కంపెనీ పాత రికార్డులు కలిపి జంట భవిష్యత్తుల సిమ్యులేషన్ నడుపుతుంది. తగ్గింపు ఇస్తే ఈ మనిషి ఏం చేస్తాడు, ఇవ్వకపోతే ఏం చేస్తాడు? రెండింటికీ ఎంత తేడా ఉంటే అంత తగ్గింపు. తేడా లేకపోతే సున్నా. పదకొండేళ్లుగా దేశమంతా అదే పద్ధతి.

ఇప్పుడామె వచ్చింది ఒక సున్నా సంగతి తేల్చడానికి. యెలిశెట్టి నూకరాజు అనే ఆయన కంపెనీకి ఈ పదకొండేళ్లలో ఒక్కసారీ తగ్గింపు రాలేదు. దేశంలో అలాంటి కంపెనీ అదొక్కటే. యంత్రంలో ఏదో లోపం ఉండి ఉంటుందని ఆమె అనుమానం.

నూకరాజుకు అరవై మూడేళ్లు. కాలినవాళ్లకు అతికే చర్మాన్ని పెంచడం ఆయన కంపెనీ పని. గాజు తొట్లలో లేత గులాబీరంగు ద్రవం మీద చర్మం పొరలు పొరలుగా తేలుతోంది.

"ఇది పెద్దోళ్లకండి," అన్నాడాయన. "పసిపిల్లల సంగతి వేరు. పిల్లతోపాటు మనం వేసిన ముక్కా ఎదగాలి కదా. లేకపోతే ఐదేళ్లొచ్చేసరికి చెయ్యి ముడుచుకుపోద్ది. దానికి వేరే గది కావాలండి."

"ఎప్పుడు కడుతున్నారు?"

"నాలుగేళ్లనించీ కడతానే ఉన్నానండి."

వెనక్కి తీసుకెళ్లి చూపించాడు. నడుమెత్తు గోడలు. పన్ను కట్టాక ఏటా ఏం మిగిలితే అంతమేర ఇటుకలు లేస్తున్నాయి. రోడ్డుకు అవతల కొల్లూరి ప్రభంజన్ గారి ఫ్యాక్టరీ నిగనిగలాడుతోంది. ఆయనకు ఏటా పూర్తి తగ్గింపే.

"మీరు ఫిర్యాదు చెయ్యలేదేం?" అంది తరళ.

"ఏమని చెయ్యనమ్మా? పన్ను తగ్గించకపోయినా కడతావా అని అడుగుద్ది. కడతానంటాను. అదే రాసుకుంటది. అబద్ధమేం రాసుకోలేదు కదా."

మర్నాడు ఉదయం పదింటికి సంకల్పమాపకం ముందు ఆయన వంతు. తరళ తన ఉద్యోగధర్మం పక్కనపెట్టి ఒక మాట చెప్పింది. "రేపు అది అడగ్గానే జవాబివ్వకండి. పది సెకన్లు ఆగండి. ఆ గదివల్ల నష్టమొస్తుందని తల్చుకోండి. నిజంగా వచ్చేదే కదా."

"అలాగేనమ్మా," అన్నాడాయన, బడిపిల్లాడిలా తలాడిస్తూ.

మర్నాడు ఆయన పట్టీ కట్టుకుని కూర్చున్నాడు. తరళ వెనక నిలబడింది.

"పన్ను తగ్గించకపోతే ఈ గది కడతారా?" అని యంత్రం అడిగింది.

నూకరాజు పెదవులు బిగించాడు. తరళ మనసులో లెక్కపెడుతోంది. నాలుగు. ఐదు. ఆయన మెడ మీద చెమట పట్టింది. ఆరు.

"ఆ మధ్య పిఠాపురం నించి ఓ పిల్లని తీసుకొచ్చారండి," అన్నాడాయన యంత్రంతోనే. "తొమ్మిది నెలల పిల్ల. వేడినీళ్లు పడ్డాయి. తిప్పి పంపేశాను. గది లేదు కదా నా దగ్గర." కాస్త ఆగాడు. "కడతానండి."

"తగ్గింపు సున్నా," అంది యంత్రం.

ఆయన తప్పుచేసినవాడిలా వెనక్కి తిరిగాడు. "కుదర్లేదమ్మా. మీరు చెప్పినట్టే చేద్దామనుకున్నాను."

తరళ ఆయన మణికట్టు పట్టీ విప్పింది. యంత్రంలో లోపమేమీ లేదు. ఆ మనిషిని అది సరిగ్గానే చదివింది. చదివినందువల్లే ఆ గోడ నడుమెత్తున ఆగిపోయింది.

ఆమె మూడు రోజులు ఊళ్లోనే ఉండి పదకొండేళ్ల డేటా తిరగేసింది. మొదటి ఏడాది నిజంగా ఊగిసలాడినవాళ్లు మూడో వంతు. రెండో ఏడాది చాలామంది నటించారు. యంత్రం పట్టేసింది. మూడో ఏడాదినుంచి శిక్షణలు మొదలయ్యాయి. ఇప్పుడు నూటికి తొంభైఆరుమంది వెనకాడుతున్నారు, అదీ నిజంగానే. తగ్గింపు దొరికితే కడతారు, లేకపోతే ఇటుక కూడా కదలదు. తను మనసులను కొలుస్తున్నానని తరళ ఇన్నాళ్లూ అనుకుంది. అవి తన ప్రశ్నకు తగ్గట్టు వంగుతూ వచ్చాయి.

ఢిల్లీలో పన్నుల సంఘం ముందు ఆమె చెప్పింది ఒక్కటే. ఎవరినీ ఏమీ అడగవద్దు. కొత్తగా ఏదైనా కట్టినవాడి ఖర్చంతా ఆ ఏడాది లాభంలోంచే తీసేసి, మిగిలినదానికే పన్ను వెయ్యండి.

"ఎలాగూ కట్టేవాడిక్కూడా ఇవ్వాలంటారా?" అన్నాడు అధ్యక్షుడు.

"వాడికి ముందివ్వాలంటాను."

ఎనిమిది నెలలు పట్టింది. చివరికి ఒప్పుకున్నారు. సంకల్పమాపకాన్ని తరళ తన చేత్తోనే ఆపేసింది.

ఆ ఏడాదే నూకరాజు గదికి కప్పు పడింది. కానీ ఇంకెక్కడా పునాదులు లేవలేదు. పన్ను తేలికయింది, బ్యాంకుల్లో డబ్బుంది, అయినా కంపెనీలు కదలడం లేదు. ఎందుకో సంఘానికి అంతుపట్టలేదు. ఒక మధ్యాహ్నం ప్రభంజన్ తనంతట తానే తరళ ఆఫీసుకు వచ్చాడు.

"ఒక్కసారి దాన్ని ఆన్ చేయించండి మేడమ్," అన్నాడు. "తగ్గింపు అక్కర్లేదు. ఊరికే అడగమనండి."

"ఎందుకు?"

ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "స్థలముంది, డబ్బుంది. కట్టాలని ఉందో లేదో తెలీడం లేదండి. ఇదివరకు నా మనసులో ఏముందో అదే చెప్పేది. ఇప్పుడు పొద్దున్నే లేచి కూర్చుంటాను. ఏమీ వినపడదు."

నలభైఐదేళ్ల మనిషి. తరళకు ఆయన మీద కోపం రాలేదు. ఆయన మనసుకు ఆ మూగతనం తెచ్చిపెట్టింది తనే.

"నాతో కాకినాడలో నూకరాజు గారి దగ్గరికి రండి," అంది.

నూకరాజు వాళ్లను ఏమీ అడగలేదు. "రండి బాబూ, చేతులు కడుక్కోండి," అని ప్రభంజన్‌కు గ్లౌజులిచ్చాడు. కొత్త గదిలో అరచేయంత చర్మం తయారుగా ఉంది. సామర్లకోటలో ఏడాది పిల్లవాడికి ఆ సాయంత్రం అతకాలి. దాన్ని తొట్టిలోంచి పళ్లెంలోకి తీసి ప్రభంజన్ చేతుల్లో పెట్టాడు.

"తీసుకెళ్లే పెట్టె చల్లబడేదాకా పట్టుకోండి. గట్టిగా ఊపిరి వదలకండి, చిరిగిపోద్ది."

ఆరు నిమిషాలు ప్రభంజన్ కదలకుండా నిలబడ్డాడు. పళ్లెం పెట్టెలోకి వెళ్లిపోయాక కూడా చేతులు అలాగే చాపి ఉంచాడు.

"ఇలాంటివి ఏడాదికెన్ని కావాలండి?" అన్నాడు చివరికి.

"ఈ చుట్టుపక్కలకే నాలుగొందలు. నావల్ల అరవై అవుతాయి."

ప్రభంజన్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనంలో ఏముందో తరళకు తెలియలేదు. మొట్టమొదటిసారి ఆమెకు తెలుసుకోవాలనీ అనిపించలేదు.

"ఈ గది ప్లానొకసారి చూపిస్తారా?" అన్నాడాయన.

"ప్లానేముందండి, గోడ మీదే గీసుకున్నాను," అన్నాడు నూకరాజు. "సున్నం వేసేశాంగానీ, పక్కనించి చూస్తే గీతలు కనపడతాయి. రండి."

ఇద్దరూ గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నారు. తరళ కిటికీ తెరిచి వెలుతురు లోపలికి రానిచ్చింది.