అడిగితేనే చెప్పాలి

"నొప్పి ఎప్పట్నుంచమ్మా?"

తొమ్మిదేళ్ల పిచ్చుక పాలగ్లాసు పక్కన పెట్టి, మొహం ముడుచుకుని, బొడ్డు చుట్టూ చెయ్యి తిప్పింది. "వారం నుంచి. బడికి వెళ్లేముందే వస్తుంది."

"భేష్!" అంది అమ్మ. "మరి బడిలో పెద్దపిల్ల ఏడిపిస్తోందన్న సంగతో?"

"నన్ను సరిగ్గా అడిగితేనే చెప్పాలి. లేకపోతే నోరు మెదపకూడదు."

అమ్మ మురిసిపోయింది. ఆమె పిల్లల డాక్టరు, వైద్య కళాశాలలో పాఠాలు చెబుతుంది. విద్యార్థులు రోగిని ఎలా పలకరిస్తారో చూడటానికి, అక్కడి పరీక్షల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలతో రోగి వేషం వేయిస్తారు. ఈసారి కూతురు పిచ్చుక ముచ్చటపడి తనే ఒప్పుకుంది.

"లక్షణంగా ఉన్న పిల్ల చేత లేని రోగం చెప్పించడమేమిటో!" పొయ్యి దగ్గర్నుంచి నాయనమ్మ సణిగింది. "ఇలా నేర్పితే రేపు ఇంట్లోనూ నటిస్తుంది. అప్పుడు ఏడుద్దువుగాని."

"వాళ్లు రేపు నిజమైన పిల్లల్ని చూడాలి కదత్తయ్యా." అమ్మ అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది. "మీరు బాగానే ఉన్నారుగా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను," అంది నాయనమ్మ పొయ్యిగట్టు పట్టుకుని. పిచ్చుక ఆవిడ వంక ఒకసారి చూసి తల దించుకుంది.

పరీక్షగదిలో పిచ్చుకకి తల్లిగా ఒక నర్సు కూర్చుంది. సొంత కూతురున్న చోట మార్కులు వెయ్యకూడదు కనక, అమ్మ అద్దం అవతల నిలబడి చూస్తూ, మాటలు వింటోంది. వచ్చినవాళ్లంతా నిలబడే నర్సును ప్రశ్నలడిగి, పిచ్చుక పొట్ట నొక్కి వెళ్లిపోయారు. చివర్లో వచ్చిన అమ్మాయి మాత్రం స్టూలు లాక్కుని పిచ్చుక ఎదురుగా కూర్చుంది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఒంట్లో బాగుండదా?"

"ఎవరికీ లేదండీ," అంది నర్సు, తనకి నేర్పినట్టే.

"అమ్మ చెప్పింది విన్నాను. నువ్వు కూడా చెప్పవా?"

పిచ్చుక నర్సు వంక చూసి తల దించుకుంది. పాఠం మర్చిపోయిందని అద్దం అవతల అమ్మ పళ్లు కొరికింది.

"నాయనమ్మకి," అంది పిచ్చుక. "స్నానాలగదిలో పడిపోయింది. ఎంత పిలిచినా పలకలేదు. లేచాక ఎవరికీ చెప్పొద్దంది."

ఇదీ పాఠంలో భాగమే అనుకుందేమో, ఆ విద్యార్థిని ఓపిగ్గా ఇంకో ప్రశ్న అడిగింది. పరీక్ష అయీ అవగానే అమ్మ పిచ్చుకని తీసుకుని ఇంటికి పరుగెత్తింది.

"ఎన్నిసార్లు పడ్డారు?" ఇంటి గుమ్మంలోనే అత్తగారిని నిలదీసింది. "పరీక్షలో పిల్ల చెబితేగాని తెలియలేదు. ఒంటరిగా ఎంత హడలిపోయి ఉంటుంది! డాక్టర్ని ఇంట్లో పెట్టుకుని దాస్తారా?"

"పిల్ల చేత నలుగురిలో నా బతుకు రచ్చకెక్కించావన్నమాట!" నాయనమ్మ గొంతు లేచింది. "నువ్వెప్పుడడిగావు? చెప్పులేసుకుంటూ బాగున్నారా అంటే, బాగున్నానని తప్ప ఏం చెప్పను? అయినా చెబితే పిల్లని నా దగ్గర వదులుతావా? ఎవరో ఆయాని పెడతావు. దీన్ని చూసుకోవడం తప్ప నాకింకేం మిగిలిందని?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మ కోపం పిల్ల మీదికి మళ్లింది. "నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదుగా," అంది పిచ్చుక ఏడుపు మింగుతూ. "అడిగితేనే చెప్పాలని నువ్వేగా అన్నావు."

అమ్మ అత్తగారి వైపు తిరిగింది. నిలబడే, "సరే, ఎప్పట్నుంచి?" అంది.

"అలా కాదమ్మా." పిచ్చుక వంటింట్లోంచి స్టూలు ఈడ్చుకొచ్చింది. "కూర్చుని అడగాలి."

అమ్మ కూర్చుంది. కాళ్లకి ఇంకా ఉన్న చెప్పులు విడిచి పక్కన పెట్టింది. అత్తగారి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంటే, అది చల్లగా ఉంది. ఇన్నేళ్లలో ఎందరి పిల్లల చేతులో పట్టుకుంది కానీ ఈ చెయ్యి పట్టుకోలేదు. సిగ్గుతో ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి.

"పిచ్చుక మీ దగ్గరే ఉంటుందత్తయ్యా. మీ ఇద్దరికీ తోడుగా ఇంకో మనిషి ఉంటుంది, అంతే. ఇప్పుడు చెప్పండి, మీకెలా ఉంటోంది?"

నాయనమ్మ మనవరాలి వైపు చూసింది. చెప్పమన్నట్టు పిచ్చుక తలూపింది.

"కళ్లు తిరుగుతున్నాయే తల్లీ," అంటూ ఆవిడ భోరుమంది. "చాలా భయమేస్తోంది."