సగం కలిసిన మాలు

శవం పెరట్లో ఉంది. అద్దెకు తెచ్చిన చిన్న కాంక్రీటు మిక్సరు పక్కన, ఒత్తిగిలి పడుకున్నట్టుగా.

కళ్లు మూసుకుని ఉంటే నిద్రపోతున్నాడనుకోవచ్చు. మూసుకుని లేవు.

చనిపోయినవాడు సిటీ బస్సు డ్రైవరు. ఆ రోజు సెలవు పెట్టాడు. పెరటి బురదలో తల్లి జారిపడుతోందని అక్కడ గచ్చు చెయ్యడం మొదలుపెట్టాడు. ఇంకోసారి పడితే తుంటి విరుగుతుందని ఆవిడే రోజూ అనేది. భయపడ్డవాళ్లకి ఏమీ కాలేదు. ఆ భయం తీర్చబోయినవాడు పోయాడు.

లేడీ ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి వీధి గుమ్మం ముందు జనం. మంచి వార్తకి అంతమంది రారు.

"ఎడమ చెవి వెనక ఒకటే దెబ్బ," అన్నాడు పోలీసు డాక్టరు గ్లవ్స్ తీస్తూ. "గుండ్రటి కర్ర. గట్టిగా తగిలింది. నొప్పి కూడా తెలిసుండదు."

ఆఖరి మాట తల్లి కోసం అన్నాడు. ఆవిడ విన్నట్టు లేదు.

కర్ర కోసం వెతకనక్కర్లేదు. గోడవార పార పడి ఉంది. కర్రకి రక్తం. రేకు ఒక మూల వంగిపోయింది.

"వీడే మేడమ్."

అన్నది చనిపోయినవాడి అన్న. ఆయన చేతిలో ఒకడి కాలరు ఉంది. ఆ ఒకడు చనిపోయినవాడి బావమరిది. ఫర్నిచరు షాపులో పాలిష్ పని చేస్తాడు. బావకి సాయం చెయ్యడానికి పొద్దున్నే వచ్చాడు.

"పొద్దున గొడవపడ్డారు," అన్నాడు అన్న. "పారతో ఒక్కటిస్తానన్నాడు. పక్కింటి టైలరు విన్నాడు."

ఇన్‌స్పెక్టరు పిట్టగోడ అవతలికి చూసింది. టైలరు టేపు మెడలోనే ఉంచుకుని నిలబడ్డాడు.

"విన్నానండి. నీళ్ల దగ్గర వచ్చింది మాట. ఈ అబ్బాయి ఎక్కువ పోశాడట. గచ్చు చేస్తున్నావా, అంబలి కాస్తున్నావా అన్నాడాయన. దానికి ఇతను, పారతో ఒక్కటిచ్చానంటే తెలుస్తుంది అన్నాడు."

"అన్నావా?"

"అన్నానండి," అన్నాడు బావమరిది. "రోజూ అంటాను. ఆయన నన్ను దున్నపోతా అంటాడు. నేను ఒక్కటిస్తానంటాను. బావా బావమరుదులం, ఇంకేం మాట్లాడుకుంటాం?"

"తర్వాత?"

"సిమెంటు అయిపోయింది. బస్తా తేవడానికి వెళ్లాను. వచ్చేసరికి బావ పడున్నాడు. మిషను తిరుగుతోంది. పార డ్రమ్ములో ఇరుక్కుని, తిరిగినప్పుడల్లా కర్ర నేలకేసి కొట్టుకుంటోంది. ఇదిగో, ఈ ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి ప్లగ్గు పీకేశాను. పార లాగి పడేశాను. బావని లేపాను."

"లేచాడా?"

అడిగాక ఆవిడకే అనవసరం అనిపించింది.

తల్లి వంటింటి గుమ్మం పక్కన స్టూలు మీద ఉంది. ఏడవడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరో వచ్చి లెమ్మంటే లేస్తానన్నట్టు కూర్చుంది.

"మిషను తిరగడం లేదమ్మా," అంది. "నేనే ఆపేశాను."

అన్న తల తిప్పాడు. బావమరిది కూడా.

"ఎప్పుడు ఆపారు?"

"ఈ అబ్బాయి బస్తాకని వెళ్లాక. వైరు వంటింటి కిటికీలోంచి వేశారు. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. కాలితే? ఇల్లు అంటుకుంటే? తడి చేతులతో వాడు దాన్ని పట్టుకుంటే? కీడెంచి మేలెంచమన్నారు. స్విచ్చు కట్టేశాను."

"మీ అబ్బాయికి చెప్పారా?"

"చెబితే కసురుకుంటాడు. చెప్పకుండా వెళ్లి మంచం మీద వాలాను. ఈ పూటకి గండం గడిచిందనుకున్నాను."

"విన్నారుగా," అన్నాడు అన్న. కాలరు మీద చెయ్యి ఇంకా బిగిసింది. "ఆగిన మిషనులో పార ఎలా తిరుగుతుంది? కొట్టింది వీడు. కథ చెబుతున్నదీ వీడే."

బావమరిది ఆవిడ వైపు చూశాడు. ఒక తల్లి తన కొడుకు చావు గురించి అబద్ధం చెబుతోందని ఎలా అంటాడు?

"జీపు ఎక్కించమంటారా మేడమ్?" హెడ్ కానిస్టేబుల్ అడిగాడు.

డ్రైవరు భార్య వంటింటి గడప మీద కూర్చుని ఉంది. శవాన్ని చూసింది. తమ్ముణ్ణి చూసింది. ఒకే పూట ఇద్దరూ పోతున్నారు. ఒకడు వ్యానులో, ఒకడు జీపులో.

"నీకేం వినిపించిందమ్మా?" ఇన్‌స్పెక్టరు అడిగింది.

"మిషను చప్పుడండి. ఎప్పటిలాగే."

"అరుపు?"

"ఆ చప్పుడులో ఏం వినిపిస్తుంది."

ఇన్‌స్పెక్టరు మిక్సరు దగ్గరికి నడిచింది. డ్రమ్ములో సగం దాకా సిమెంటు, ఇసుక, కంకర మాలు ఉంది. మిగతా సగం ఎదురుగా నేల మీద కుప్పగా ఉంది. అందరూ ఆ కుప్పని దాటుకుంటూ తిరుగుతున్నారు. ఫోటోగ్రాఫరు కూడా దాటాడు.

ఆవిడ దాని ముందు గొంతుక్కూర్చుంది.

ముద్దలు ముద్దలుగా ఉంది. ఒక్కో ముద్దా ఒక్కో పారెడు. పొడి సిమెంటు చారలు. తడి తగలని కంకర. అది పూర్తిగా కలవలేదు.

"ఇటు రా," అని బావమరిదిని పిలిచింది. "మాలు కిందికి ఎలా దింపుతారు?"

"పక్కన చక్రం ఉంది కదండీ. తిప్పితే డ్రమ్ము వంగుతుంది. మొత్తం తట్టలోకి పడిపోతుంది."

"పారతో తోడరా?"

"చక్రం ఉండగా పారెందుకండీ? నడుం పడిపోతుంది."

"మీ బావ తోడాడు. కలవని మాలు తోడాడు. ఎందుకు?"

ఆవిడ టైలరు వైపు తిరిగింది.

"పొద్దుట్నుంచి కరెంటు పోయిందా?"

"లేదండి. నా కుట్టు మిషను కరెంటుదే. ఆగకుండా కుడుతూనే ఉన్నాను."

శవాన్ని తీసుకెళ్లారు. ఫోటోలు అయ్యాయి. ఇన్‌స్పెక్టరు అందర్నీ గోడకి ఆనుకుని నిలబడమంది. అన్న కాలరు వదలకుండానే నిలబడ్డాడు. వీధిలో అడిగి తెప్పించిన ఇంకో పారతో హెడ్ కానిస్టేబుల్ చేత కుప్పంతా డ్రమ్ములోకి ఎత్తించింది. ప్లగ్గు పెట్టించింది.

మోటారు మూలిగింది. డ్రమ్ము కదల్లేదు.

"మోయలేకపోతోంది మేడమ్. నాలాగే," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. ఎవరూ నవ్వకపోవడంతో తలొంచుకున్నాడు.

ప్లగ్గు తీయించింది. సగం పారతో తోడించింది. పార రేకు డ్రమ్ము లోపలి రెక్కల మధ్య దింపి, కర్ర బయటికి పెట్టి, అతన్నీ గోడ దగ్గరికి రమ్మంది. ఈసారి ప్లగ్గు తనే పెట్టింది, దూరంగా ఉన్న బాక్సులో.

డ్రమ్ము తిరిగింది. రెక్క రేకుని పట్టింది. కర్ర విసురుగా లేచింది. ఒంగున్న మనిషి తల ఎంత ఎత్తులో ఉంటుందో సరిగ్గా అంత ఎత్తులో గాలిని కోసుకుంటూ వెళ్లింది.

ఆవిడ ప్లగ్గు పీకేసింది. అన్న చెయ్యి కాలరు మీద వదులైంది.

"పెద్దావిడ అబద్ధం చెప్పలేదు," అంది ఇన్‌స్పెక్టరు. "ఇతనూ చెప్పలేదు. మిషను ఆగింది. మళ్లీ తిరిగింది. ఆగగానే డ్రైవరు కరెంటు పోయిందనుకున్నాడు. నిండు డ్రమ్ముతో ఇంత చిన్న మోటారు లేవదని ఆయనకి తెలుసు. డ్రమ్ము వంచితే కలవని మాలంతా నేలపాలు. అందుకని సగం తోడటం మొదలుపెట్టాడు, కరెంటు రాగానే తిరుగుతుందని. ప్లగ్గు పీకాలని తోచలేదు."

"మరి కరెంటు పోలేదుగా," అన్నాడు అన్న.

"పోలేదు. ఇతను ప్లగ్గు తీసింది ఇక్కడ, పెరట్లో. ఇప్పుడు మేము పెట్టిందీ ఇక్కడే. వంటింట్లోకి ఎవరూ వెళ్లలేదు. అయినా మిషను తిరిగింది. అంటే లోపలి స్విచ్చు వేసే ఉంది. పెద్దావిడ కట్టిన స్విచ్చు."

అంతా వంటింటి వైపు చూశారు. డ్రైవరు భార్య ఎవరి వైపూ చూడలేదు.

"నేనే వేశాను," అంది.

గొంతులో ఏమీ లేదు. ఉప్పు నేనే వేశాను అన్నట్టు అంది.

"అత్తయ్య ఆపుతూ ఉంటుందండి. ఇస్త్రీపెట్టె ఆపుతుంది. ఫ్యాను ఆపుతుంది. నీళ్ల మోటారు ఆపుతుంది. నేను వెనకాలే వేసుకుంటూ తిరుగుతాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంతే. ఇవాళా చప్పుడు ఆగింది. వచ్చి చూస్తే స్విచ్చు కట్టేసి ఉంది. మళ్లీ ఆపేసిందీవిడ, ఆయన విసుక్కుంటాడు అనుకుని వేశాను."

"కిటికీలోంచి చూడలేదా?"

"కిటికీ ఎత్తులో ఉందండి. దుమ్మని పెరటి తలుపు మూసి ఉంది. స్టూలెక్కితే గానీ కనబడదు. చప్పుడు మొదలైంది. ముందు గదిలోకి వెళ్లి బట్టలు మడత పెట్టుకున్నాను."

"ఇందాక ఎందుకు చెప్పలేదు?"

"స్విచ్చు వెయ్యడం చెప్పుకోవాల్సిన పనని తెలీదండి."

అన్న చెయ్యి కిందికి జారింది. బావమరిది కాలరు సర్దుకోలేదు. అక్కనే చూస్తున్నాడు.

తల్లి స్టూలు మీంచి లేచింది. ఇన్‌స్పెక్టరు దగ్గరికి వచ్చింది.

"రెండూ నా పేరునే రాసుకో అమ్మా. ఆపిందీ నేనే, వేసిందీ నేనే అని రాసుకో. నేనెంతకాలం ఉంటాను. అది చిన్నది."

"ఎవరి పేరూ రాయక్కర్లేదండి. ప్రమాదం అని రాస్తాను."

"అంటే ఎవరూ చంపలేదా?"

"ఎవరూ చంపలేదు."

ఆవిడ మిక్సరు వైపు చూసింది.

"నేను ఆపకపోతే ఉండేవాడా?"

కోడలు గడప మీంచి లేచి వచ్చింది. అత్త మోచెయ్యి పట్టుకుంది.

"లోపలికి రండి అత్తయ్యా. నీరసంగా ఉన్నారు."

పోలీసులు వెళ్లారు. జనం పలచబడ్డారు. బావమరిది వీధి గుమ్మం దగ్గర ఆగాడు.

"అక్కా, నువ్వు మా ఇంటికి వచ్చెయ్. ఈ ఇంట్లో ఎలా ఉంటావు?"

"నువ్వెళ్లరా."

"ఆవిణ్ణి పెద్ద కొడుకు చూసుకుంటాడులే."

"ఎవరూ చూడలేరు," అందామె. అత్త పడుకున్న గది తలుపుకి లోపల గడియ పడకుండా, గుమ్మం మధ్యలో కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఒంటరిగా వదిలితే ఏం చేసుకుంటుందో. నాకు భయంగా ఉంది."