గోడ మీద సొల్దా టోపీ

నటేశన్ నగర్ చివర, ముళ్ళకంప పెరిగిన ఖాళీ స్థలం పక్కన ఒక పాత ఇల్లు ఉండేది. చుట్టూ ఎత్తైన గోడ, లోపల ఒక బావి, ముందు తలుపుకి ఎప్పుడూ తాళం. రాత్రి ఎనిమిది దాటితే ఆ గోడ వెంట ఎవరూ నడిచేవాళ్ళు కాదు. సైకిల్ మీద పోయేవాళ్ళు కూడా గబగబా తొక్కేసి, మలుపు తిరిగాకే ఊపిరి తీసుకునేవాళ్ళట.

ఎందుకంటే... గోడ మీద ఒక టోపీ నడుస్తుంది.

టోపీ ఒక్కటే. కింద తల ఉండదు. ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా పోతుంది... ఆగుతుంది... మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరది. వాళ్ళ సైన్యంలో చేసి వచ్చినవాళ్ళని ఊళ్ళో సొల్దా అంటారు కదా, అట్లాంటి సొల్దా ఒకాయన ఆ ఇంట్లోనే పోయాడనీ, పోయి కూడా డ్యూటీ దిగలేదనీ చెప్పుకునేవాళ్ళు.

2003లో ఒక సాయంత్రం టీకొట్టు భక్తవత్సలం, తాను కళ్ళారా చూశానని ఈ సంగతి గుసగుసగా చెప్పాడు. విన్నవాళ్ళకి ఒళ్ళు జలదరించింది. పురుషోత్తమన్ ఒక్కడే ముందుకు వంగి, టోపీకి ముందు చూరు ఉందా అని అడిగాడు.

అడగక ఏం చేస్తాడు. అతను యూనిఫారాలు కుట్టే దర్జీ. కొట్టు గోడ నిండా, నుదుటి మీద చూరులాగా ముందుకొచ్చే టోపీలే. పోస్ట్‌మన్‌ది, బస్సు డ్రైవరుది, రైల్వే గార్డుది, మన ఊరి పోలీసుల ఎర్ర టోపీ... మొత్తం నలభై ఒకటి. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళని స్టూలు మీద కూర్చోబెట్టి, ఎండ కంట్లో పడకుండా ఈ చూరు మొదట సిపాయిలకి పెట్టారనీ, వాళ్ళని చూసి రైలువాళ్ళూ పోస్టువాళ్ళూ పెట్టుకున్నారనీ, అట్లా యుద్ధాలు చేసిన టోపీ పనుల్లోకి దిగిందనీ చెప్పందే టేపు తీసేవాడు కాదు. ఇంట్లో తలకాయలు మూడు, టోపీలు నలభై ఒకటి అని అతని భార్య తాయారు నవ్వేది.

నలభై రెండో మేకు మాత్రం ఖాళీ. అది సొల్దా టోపీకని ఉంచాడు. ఆదివారం సంతలో ఏళ్ళ తరబడి గాలించినా ఆ టోపీ దొరకలేదు.

పైన బల్లపరుపుగా ఉంది, ముందు పొట్టి చూరు ఉంది అని భక్తవత్సలం అనగానే పురుషోత్తమన్‌కి ఇంక టీ రుచి తెలీలేదు.

గురువారం రాత్రి కరెంటు పోయింది. ఎవరికో ప్యాంటు ఇచ్చి వస్తానని తాయారుతో చెప్పి అతను బయల్దేరాడు. మలుపు దగ్గర టీవీఎస్ ఫిఫ్టీ నిలిపి, చేతిలో టార్చి పట్టుకుని నడిచాడు. టార్చి వెయ్యడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

గోడ దగ్గరకొచ్చాడు. చీమ చిటుక్కుమన్నా వినపడేట్టుంది. ఎవరూ లేరు. ఇదంతా ఉత్తమాట అనుకుని ఊరట పడబోయాడు...

అంతలో లోపల ఆకులు నలిగిన చప్పుడు.

గోడ చివర టోపీ లేచింది.

నల్లగా, నిటారుగా, ఆకాశానికి ఆనుకుని... నడిచి వస్తోంది. ఒక్కో అడుగూ లెక్కపెట్టినట్టు. పురుషోత్తమన్ కాళ్ళు వెనక్కి పొమ్మంటున్నాయి, కళ్ళు మాత్రం దాని చూరు మీదనుంచి రావడం లేదు. అదే. సందేహం లేదు, అదే టోపీ.

సరిగ్గా అతని తలకి పైన, గోడ మీద వచ్చి ఆగింది.

"ఎవురది..." గోడలోంచి వచ్చినట్టు సన్నటి గొంతు. "ఏంది కావాల?"

పారిపోదామనుకున్నాడు. దర్జీ నాలుక, అలవాటు మాటే అంది.

"కొలత... కొలత తీసుకుందామని..."

టోపీ ఒక్కసారి ఊగింది. పక్కకి వాలింది... వాలి, టప్పున అతని కాళ్ళ దగ్గర పడింది.

ఇన్నేళ్ళూ వెతికిన టోపీ. చెయ్యి చాపితే చాలు. తీసుకుని పరుగెత్తితే అడిగేవాళ్ళెవరు? పురుషోత్తమన్ వంగాడు. వేళ్ళు బట్టకి తగిలాయి కూడా.

"నాయనా... దాన్ని తొక్కబాక. మా ఆయనది."

పక్క సందులో చిన్న తలుపు కిర్రుమంది. ఒక చేత్తో కిరసనాయిలు బుడ్డి, ఇంకో చేత్తో పొడుగాటి వెదురు గెడ పట్టుకుని, ఒక ముసలామె బయటికొచ్చింది. గెడలో సగం ఎత్తు కూడా లేదామె.

పేరు అంగమ్మాళ్. బావి చుట్టూ కనకాంబరాలు పెంచి, పొద్దున్నే కోసి విల్లియనూరు గుడి దగ్గర అమ్ముకుంటుంది. చీకట్లో పోయి చీకటి పడ్డాక వస్తుంది గనక వెనక గదిలో మనిషి ఉన్నట్టు ఎవరికీ తెలీదు. తాగుబోతులు గోడ దూకి వచ్చి, మొక్కలు తొక్కి, సీసాలు బావిలో వేసేవాళ్ళు. అరిస్తే నవ్వేవాళ్ళు. ఒక రాత్రి మొగుడి టోపీని గెడకి తగిలించి పైకెత్తింది. అంతే, మళ్ళీ ఒక్కడూ దూకలేదు.

పురుషోత్తమన్ టోపీని దీపం దగ్గర తిప్పి చూశాడు. నుదుటి దగ్గర బొటనవేలికి రెండు చిన్న రంధ్రాలు తగిలాయి. సైన్యం బిళ్ళ పీకేసిన చోటది. తిరిగొచ్చాక ఆయన అదే టోపీ పెట్టుకుని ఇరవై ఏళ్ళు బియ్యం మిల్లు గేటు కాశాడని ఆమె చెప్పింది. నలభై ఒక్క టోపీల ముందు కూర్చుని అతను చెప్పే కథంతా ఈ ఒక్క టోపీలోనే ఉంది.

టోపీ ఇమ్మని అడుగుదామని నోటిదాకా వచ్చింది. కానీ లోపలి గుడ్డ మంచుకి చివికిపోయి ఉంది, చూరు ఊడబోతోంది. ఈ వానాకాలం దాటదనిపించింది.

"అవ్వా, దీన్ని ఇంక బయట తిప్పొద్దు," అన్నాడు. "లోపల పెట్టుకో. గెడకి నేనొకటి కుట్టి ఇస్తా."

మూడు రాత్రులు కుట్టాడు. అదే బల్లపరుపు, అదే పొట్టి చూరు. పాతదానికి కొత్త గుడ్డ వేసి ఇచ్చేశాడు. అది అంగమ్మాళ్ మొగుడి పటం పక్కకి చేరింది. కొట్టులో నలభై రెండో మేకు ఖాళీగానే ఉండిపోయింది. అంగమ్మాళ్ పంపే కనకాంబరాల దండ ఎక్కడిదని తాయారు అడిగితే మాత్రం, ఒక కస్టమరు ఇచ్చాడనేవాడు.

వారం తిరక్కుండానే భక్తవత్సలం టీ గ్లాసు అతని ముందు పెట్టి, చెవి దగ్గరకి వంగాడు.

"నిన్న రాత్రి మళ్ళీ చూసినా, పురుషోత్తమా. దెయ్యం కొత్త టోపీ పెట్టుకోనుండాది."

పురుషోత్తమన్ టీ ఊదుకున్నాడు. మాట్లాడకూడదనే అనుకున్నాడు. కానీ ఆగలేకపోయాడు.

"కుట్టు ఎట్టుండాది?" అని అడిగాడు.