ఇంటికి దించే గొడుగు

ఆ మామగారితో వేగడమంటే ఏమిటో కోడలినే అడగాలి. పొద్దున్నే కాఫీ కన్నా ముందు ఆయన ఇంట్లో కుట్లన్నీ తనిఖీ చేస్తారు. దిండు గలీబులు, పరదాలు, చివరికి ఆమె చేతిసంచీ కూడా. కుట్టు వెంట బొటనవేలు నడిపించుకుంటూ వెళ్ళి, దారం వదులైన చోట ఆగి ఒక దగ్గు దగ్గుతారు. ఆ దగ్గుకి అత్తగారు సూదీ దారం పట్టుకుని హాజరవుతారు. సైన్యంలో విమానాల్లోంచి దూకిన మనిషి మరి, కుట్టు తెగితే ఏమవుతుందో ఆయనకి తెలుసు.

కోడలు ప్యారాచూట్లు, మామగారి మాటలో గొడుగులు, కుట్టే కర్మాగారంలో పనిచేస్తుంది. అందుకని ఆ ఇంట్లో ఆయన గౌరవించే ప్రాణి ఆమె ఒక్కతే. కన్నకొడుకు కూడా కింది ర్యాంకే.

ఆ గౌరవం మూడేళ్ళ కిందట ఆవిరైపోయింది. ప్రభుత్వం సైన్యం ఖర్చు తగ్గించి ఆ డబ్బు అంతరిక్ష పరిశోధనకి మళ్ళించింది. కర్మాగారానికి పాత పని పోయి, వేరే గ్రహం నుంచి మట్టి మోసుకొచ్చే పెట్టెకి ప్యారాచూట్ కుట్టే పని వచ్చింది. అది కోడలి బల్ల మీదే తయారైంది. సరిగ్గా విచ్చుకుంటే కర్మాగారం నిలుస్తుంది, లేదంటే గేటుకి తాళమే. మామగారు ఆమెతో మాటలు మానేశారు. ఉప్పు ఆమె చేతి పక్కనే ఉన్నా, అత్తగారి చేత అడిగించేవారు.

పెట్టె దిగే రోజు పొద్దున టిఫిను దగ్గర ఆయన టీవీ కట్టేశారు. మట్టిపెళ్లని చూడాల్సిన ఖర్మ తనకి పట్టలేదన్నారు. కొడుకు పేపరు పైకెత్తి దాని వెనక క్షేమంగా సర్దుకున్నాడు.

"మనుషుల్ని మోసిన గొడుగు అది," మామగారు చాన్నాళ్ళకి నేరుగా కోడలితోనే అన్నారు. "దాన్ని తీసుకెళ్ళి మట్టికి కట్టారు. రేపు అవసరమొస్తే మన కుర్రాళ్ళు దేన్ని నమ్ముకుని దూకాలి?"

కోడలు కంచం పక్కకి జరిపింది. "మీరు దూకి తిరిగొచ్చారు మామయ్యా. మీతో దూకినవాళ్ళందరూ వచ్చారా? యుద్ధంలోకి దించే గొడుగులు బోలెడు కుట్టాను. ఇంటికి దించే గొడుగు ఇదొక్కటే. దీన్ని చూడనివ్వండి."

అత్తగారు లేచి టీవీ పెట్టారు. ఆ ఇంట్లో కమాండరు ఆజ్ఞ మీరడం అదే మొదలు.

తెర మీద ఒక నల్లచుక్క పడిపోతోంది. పడిపోతూనే ఉంది. వెనక నలిగిన గుడ్డముక్క లాంటిది బయటికొచ్చి, కొట్టుకుని, ఒక్కసారిగా ఆకాశమంత పువ్వులా విచ్చుకుంది. కొడుకు పేపరు విసిరేసి కుర్చీ ఎక్కాడు. కోడలు మామగారి వైపు చూసింది.

ఆయన ఎప్పుడు లేచారో, గది మధ్యలో నిలబడి ఉన్నారు. పాదాలు దగ్గరగా, మోకాళ్ళు కాస్త వంచి, మోచేతులు డొక్కలకి ఆనించి, గడ్డం దించి. ఆయన కూడా దిగుతున్నారు. పెట్టె నేలని తాకినప్పుడు ఆయన ఒళ్ళు ఒకసారి అదిరి నిలదొక్కుకుంది.

వీధంతా ఈలలు, చప్పట్లు. కోడలి ఫోను ఆగకుండా మోగుతోంది. మామగారు ఆమె చెయ్యి తీసుకుని, సూదిపోట్లకి గట్టిపడ్డ వేళ్ళ మీద బొటనవేలు మెల్లగా నడిపించారు. ఎక్కడా ఆగలేదు, దగ్గలేదు.

తరవాత కుర్చీలో కూలబడి, "ఆ ఉప్పు ఇలా ఇవ్వమ్మా," అన్నారు. అది అందుకుని, కొడుక్కీ అత్తగారికీ కూడా వినిపించేలా గొంతు పెంచారు.

"పొరబడింది నేనే తల్లీ."